మధుపర్కాలు బూడిదరంగులో రాకుండా

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఫోటోగ్రఫీ కోర్సులు ఆన్‌లైన్‌లో ఒకేసారి మూడు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆఫర్లో వచ్చాయట. ఆషాఢం సేల్లో చీరలు కొన్నట్టుంది నీ వ్యవహారం. సరే, ఒక్కటి తెరువు. అది పూర్తయ్యేదాకా మిగతా రెండింటి జోలికి పోకు. ముందే అడిగి ఉంటే మార్క్ లెవోయ్ పాఠాలు చూడమనేవాణ్ణి. స్టాన్‌ఫర్డ్‌లో చెప్పిన కోర్సునే 2016లో గూగుల్‌లో మళ్లీ చెప్పాడు, అన్నీ ఉచితమే. లెక్కలు కాస్త ఎక్కువ.

అరగంట వీడియో చూశావంటే రెండు రోజులు కెమెరా చేతిలో ఉండాలి. అపర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరవాలి), షట్టర్ (ఎంతసేపు తెరిచి ఉంచాలి), ఐఎస్ఓ (పడ్డ వెలుగును ఎంత పెంచి చూపాలి) సంగతి వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పొద్దున పదింటికి మీ నాయనమ్మను వీధి గుమ్మంలో నీడన కూర్చోబెట్టు. కాఫీ ఇస్తే గంటసేపైనా కదలదు. మాన్యువల్‌లో, అంటే అన్నీ నువ్వే పెట్టే మోడ్‌లో, ఐఎస్ఓ 400, అపర్చర్ 5.6 పెట్టి, షట్టర్ ఒక్కటే మార్చుతూ తియ్యి. తర్వాత కుర్చీ రెండడుగులు లోపలికి జరుపు. గుమ్మంలో షట్టర్ 1/125 సెకను సరిపోతే, అక్కడ 1/30 కావాల్సి రావచ్చు. ఆవిడ తల ఊపినా బొమ్మ చెదిరిపోతుంది. కంటికి మాత్రం వెలుగు అంత తగ్గినట్టే ఉండదు.

ఇంకోటి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు, ఎదుట ఏమున్నా నడిమి బూడిదరంగే అనుకుంటుంది. మాన్యువల్ వదిలి లెక్క కెమెరాకే అప్పగించావంటే, ఫ్రేము నిండా మధుపర్కాలున్నప్పుడు వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. కొత్త బట్టలు కాస్తా నాలుగు ఉతుకులు పడ్డట్టు వస్తాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కకు మనం వెలుగు కలిపే, తగ్గించే సెట్టింగ్, ప్లస్ 1కి తిప్పు. గేదెను తీసేటప్పుడు మైనస్‌కి.

నా రోజుల్లో రోలుకు 36 ఫోటోలే. కొత్తలో ఒక పెళ్లిలో జీలకర్రాబెల్లం నుంచి తలంబ్రాల దాకా తీశాను. ఫిల్ము స్పూలుకు పట్టలేదు. లివరు తిప్పినప్పుడల్లా రివైండ్ నాబ్ కూడా తిరగాలి. అది కదల్లేదు, నేను చూసుకోలేదు. కడిగితే రోలంతా ఖాళీ. పెళ్లికూతురి తండ్రి తిట్టి ఉంటే బాగుండేది, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నీకు ఆ టెన్షన్ లేదులే. అయినా ఒక్కో పాఠానికి 36 దాటి నొక్కనని నీకు నువ్వే హద్దు పెట్టుకో.

కోర్సులో అసైన్‌మెంట్లు చూసి తప్పులు చెప్పే మనిషి ఉన్నారా? లేకపోతే ఐదు ఫోటోలు ఏరి నాకు పంపు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు, మామూలుగా పంపితే నలిగిపోతాయి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరం సూపర్ అంటాం, నేనూ అంటాను.

కొత్త లెన్సు ఇప్పుడే కొనకు. నా 50 ఎంఎం బీరువాలో ఉంది, ఫంగస్ పట్టలేదు. దసరాకి వచ్చినప్పుడు కెమెరా తీసుకురా, మౌంటు (లెన్సు బిగించే చోటు) సరిపోతుందేమో చూద్దాం.

మీ పెదనాన్న