‘డిస్ట్రాయ్’ అని కనిపించిన ప్రతిచోటా ‘నాశనం’ రాయవద్దు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ అనువాదం రెండుసార్లు చదివాను. వాక్యాలు చక్కగా నడిచాయి కానీ, మూలంలో ‘డిస్ట్రాయ్’ కనిపించిన ప్రతిచోటా నువ్వు ‘నాశనం’ అనే రాశావు. వంతెన నాశనమైంది, పంట నాశనమైంది, పాత ఉత్తరాలు నాశనమయ్యాయి, చివరికి ఒక మనిషి ఆత్మవిశ్వాసం కూడా నాశనమైంది. వీటిలో ఏదీ తప్పని కొట్టివేయలేను. అయితే ఆ నాలుగు చోట్లా జరిగినవి నాలుగు వేరువేరు సంగతులు, చదివేవాడికి మాత్రం ఒకే మసక బొమ్మ కనిపిస్తుంది.

ఇంగ్లీషు మాట పుట్టుక చూడు. పేర్చడం, కట్టడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి అది వచ్చింది. ‘స్ట్రక్చర్’, ‘కన్‌స్ట్రక్షన్’ దాని తోబుట్టువులే. అంటే పేర్చినదాన్ని పడగొట్టడం అన్నమాట. మన ‘నాశనం’ వేరే దారిలో వచ్చింది. సంస్కృత క్రియల మూలరూపాల (ధాతువుల) పట్టిక అయిన ధాతుపాఠంలో దాని ధాతువుకు ‘అదర్శనం’, అంటే కనబడకుండా పోవడం, అని అర్థం చెప్పారు. ‘ధ్వంసం’ ధాతువుకు జారి కిందపడటం అని చెప్పారు. వాడుకలో ఈ గీత చాలావరకు చెరిగిపోయిన మాట నిజమే అయినా, మన చెవి దాన్ని ఇంకా పూర్తిగా మరచిపోలేదు. కిటికీ అద్దాలనూ విగ్రహాలనూ ధ్వంసం చేశారంటాం, సాక్ష్యాలను మాత్రం నాశనం చేశారంటాం, ఎందుకంటే మొదటి చోట ముక్కలు మిగులుతాయి, రెండో చోట ఏదీ మిగలకూడదనే ఆ పని చేస్తారు.

కాబట్టి పర్యాయపదాల పట్టిక తెరవకముందే, పని జరిగాక అక్కడ ఏం మిగిలిందో మూలంలో వెతుకు. వంతెన దగ్గర రాళ్లూ ఇనుమూ మిగిలాయి కనుక అది ‘కూలింది’ లేదా ‘ధ్వంసమైంది’. పంటలో కొంతైనా చేతికొచ్చే వీలుంటే ‘దెబ్బతింది’, గింజ కూడా దక్కకపోతే ‘తుడిచిపెట్టుకుపోయింది’. ఉత్తరాలను కాల్చినట్టు మూలంలో ఉంటే ‘కాల్చివేశారు’ అనే రాయి, ఎలా పోయాయో చెప్పకపోతే నీ ‘నాశనం’ అక్కడ సరిగ్గా కుదురుతుంది. ఆత్మవిశ్వాసానికి ఈ మాటలేవీ అక్కరలేదు, ‘తన మీద తనకు నమ్మకం లేకుండా పోయింది’ అంటే చాలు.

ఇక ఆ పని చేసినవారి సంగతి. ఇంగ్లీషులో కర్మణి వాక్యం కర్తను తేలిగ్గా దాచేస్తుంది. దాన్ని మక్కికి మక్కిగా ‘ఇళ్లు ధ్వంసం చేయబడ్డాయి’ అని రాస్తే అది తెలుగులా వినిపించదు. అలాగని ‘ఇళ్లు ధ్వంసమయ్యాయి’ అని రాస్తే, ఏ గాలివానకో వాటంతట అవే కూలినట్టు ఉంటుంది, కూల్చినవారి బాధ్యత నీ చేతుల మీదుగానే చెరిగిపోతుంది. ‘ఇళ్లను ధ్వంసం చేశారు’ అను. పేరు చెప్పకుండానే మనుషులు చేసిన పని అని తెలుస్తుంది. ఈ చిన్న తేడా దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను, నువ్వూ ఆగు.

‘రూయిన్’ను ‘డిస్ట్రాయ్’కు అచ్చమైన జంటగా తీసుకోకు. దాని మూలంలో పడిపోవడం ఉంది, అందుకే ‘రూయిన్స్’ అంటే శిథిలాలు. శిథిలమంటే అసలు అర్థం వదులైనదని. కాలమే మెల్లగా కట్టు సడలించిన గోడకు ఆ మాట అందంగా నప్పుతుంది. అదే ‘రూయిన్’ చొక్కాకు పడితే ‘పాడైంది’, వ్యాపారికి పడితే ‘చితికిపోయాడు’. ‘ఎరాడికేట్’ విషయంలో మనం అదృష్టవంతులం. అందులో వేరు అనే అర్థమున్న లాటిన్ మాట ఉంది, మన ‘నిర్మూలన’లోనూ మూలం అంటే చెట్టు వేరు. మశూచి ప్రపంచమంతటా అంతరించిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన సందర్భానికి ‘నిర్మూలన’ కంటే సరైన మాట లేదు. ‘సమూలంగా నిర్మూలించారు’ అని మాత్రం రాయకు, ఒకసారి పీకిన వేరును మళ్లీ పీకినట్టు ఉంటుంది. ‘డెసిమేట్’ ఒకప్పుడు రోమన్ సైన్యంలో పదిమందిలో ఒకరిని చంపే శిక్ష. ఇప్పుడు పెద్దమొత్తంలో నష్టపరచడమే కనుక పదో వంతు లెక్క కట్టనక్కరలేదు.

నిఘంటువు మీద నమ్మకం పెట్టుకుని నేను పడిన పాటు కూడా చెబుతాను. కాలు విరిగిన పందెపు గుర్రాన్ని ‘డిస్ట్రాయ్’ చేశారని ఒక కథనంలో ఉంటే, కొత్తలో నేను ‘గుర్రాన్ని ధ్వంసం చేశారు’ అని రాసి పంపాను. అది అచ్చయింది కూడా. కోలుకోలేని జంతువును బాధ తప్పించడానికి చంపడాన్ని ఇంగ్లీషులో అలా అంటారని తరువాత తెలిసింది. ఆ వాక్యం చదివినవారు గుర్రాన్ని గోడలాగా సుత్తితో పగలగొట్టారనుకుని ఉంటారు.

నీ ప్రతిలో మార్చవలసిన చోట్ల పెన్సిలుతో గీత గీశాను, మాటలు మాత్రం నువ్వే వెతుక్కో. మూడో అధ్యాయంలోని ఓడ ఒక్కటే నాకు తేలలేదు. అది రాళ్లకు కొట్టుకుని బద్దలైందో, నిప్పంటుకుని కాలిపోయిందో మూలం ఇంకోసారి చూసి రాయి.

ఇట్లు,
నీ మామయ్య