రొమేనియా రోయింగ్ (తెడ్ల పడవ పందేల) క్రీడాకారిణి ఎలిసబెటా లిపా రిటైరై ఇన్నేళ్లయినా ఆమె పేరు ఎందుకు చెప్పుకుంటున్నారు?

నన్నడిగితే, పడవ మార్చి కూడా గెలిచింది కాబట్టి.

పతకాలు ఎలాగూ ఉన్నాయి. 1984 నుంచి 2004 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో 5 స్వర్ణాలు, 2 రజతాలు, 1 కాంస్యం. లాస్ ఏంజెలెస్‌లో మొదటి స్వర్ణం నాటికి 19 ఏళ్లు, ఏథెన్స్‌లో చివరిదాని నాటికి 39. ఈ ఎనిమిదింటినీ ఏ పడవల్లో గెలిచిందో చూడండి. 1984లో ఇద్దరి డబుల్ స్కల్స్, 1988లో మళ్లీ డబుల్స్‌తో పాటు నలుగురి పడవ, 1992లో ఒంటరిగా సింగిల్ స్కల్స్, దాంతో పాటు డబుల్స్. ఆ తర్వాత 1996, 2000, 2004 మూడు స్వర్ణాలూ ఎనిమిది మంది పడవలోనే.

స్కల్స్‌లో మనిషికి రెండు తెడ్లు. ఎనిమిది మంది పడవలో మనిషికి ఒక్కటే, అదీ ఒక పక్కకే. నేను అమెరికాలో ఒక క్లబ్బులో సరదాకి రోయింగ్ నేర్చుకున్నాను. రెండు తెడ్లు కాస్త చేతికి వచ్చాక ఒక్క తెడ్డు ఇచ్చి పెద్ద పడవలో కూర్చోబెట్టారు. నడుము ఒకవైపే తిరగాలి, రెండు చేతులూ వేర్వేరు పనులు చేయాలి, పైగా ముందున్న మనిషి వీపు చూస్తూ ఆ లయ పట్టుకోవాలి. ఒకటే టెన్షన్. సింగిల్స్‌లో ప్రపంచాన్ని గెలిచిన మనిషి ముప్పై దాటాక ఈ మార్పుకు సిద్ధపడిందంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. బ్రిటన్ దిగ్గజం స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కూ ఐదు స్వర్ణాలున్నాయి కానీ, అన్నీ ఒక్క తెడ్డు పడవల్లో వచ్చినవే.

1984లో మహిళల రేసు 1000 మీటర్లే, తర్వాత 2000 అయింది. అంటే ఆమెకు పడవతో పాటు దూరం కూడా మారింది!

1992 బార్సిలోనా గురించి నాకో చిన్న కోపం. రేసులు బాన్యోలెస్ సరస్సు మీద జరిగాయి. ఆ సింగిల్స్ ఫైనల్ అనగానే అందరూ కెనడా అమ్మాయి సిల్కెన్ లౌమన్ కథే చెబుతారు. ఒలింపిక్స్‌కు కొన్ని వారాల ముందు కాలికి ఘోరమైన గాయమైనా వచ్చి కాంస్యం గెలిచింది, నిజంగా గొప్ప విషయమే. మరి ఆ రేసు గెలిచింది లిపా అని ఎంతమంది చెబుతారు? అదే ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం కూడా ఆమెదే.

రొమేనియాలో మాత్రం ఆమె పేరు మరుగున పడలేదు. 2009లో దేశ రోయింగ్ సమాఖ్యకు అధ్యక్షురాలైంది, మధ్యలో క్రీడా మంత్రిగానూ చేసింది. 2024 పారిస్‌లో రొమేనియా రోయింగ్ జట్టు 2 స్వర్ణాలు, 3 రజతాలు తెచ్చుకుంది. అందులో ఒక స్వర్ణం మహిళల ఎనిమిది మంది పడవది.

వీడియోలు వెతుకుతుంటే ముందు 1992 సింగిల్స్ ఫైనల్ చూడండి, ఆ వెంటనే 2004 ఏథెన్స్ ఫైనల్. ఆమె తెడ్డు వేసే తీరులో తేడా మీకే తెలుస్తుంది.