కర్ర పట్టిన చేతికి కత్తి ఇస్తే

అబ్బాయ్,

నీ నవల అందింది. ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. ఊళ్ళో కర్రసాము నేర్చిన నీ హీరో, 1758లో ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరిగిన చందుర్తి యుద్ధంలో ఎవరిదో పడిపోయిన తల్వారు అందుకుని ఫ్రెంచి ఆఫీసర్ని మూడు దెబ్బల్లో పడగొట్టేశాడు. కర్ర తిప్పినట్టే కత్తీ తిప్పాడన్నావు. అక్కడ నాకు నమ్మకం పోయింది.

అలాగని కర్రసాము కత్తికి అక్కరకు రాదని కాదు. కేరళ కలరిపయట్టులో ముందు ఒంటి కసరత్తు, తర్వాత కర్ర, ఆ పైనే ఇనుప ఆయుధాలు. టోక్యో ఒలింపిక్స్ కత్తిసాములో సేబర్ అనే రకం కత్తితో ఆడిన భవానీ దేవి కూడా మొదట్లో వెదురు కర్రలతోనే ప్రాక్టీస్ చేసింది. అడుగు వెయ్యడం, ఎంత దూరంలో నిలబడాలో తెలియడం, ఎదుటివాడి భుజం కదలికని బట్టి దెబ్బ పసిగట్టడం, ఇవి ఆయుధం మారినా ఎక్కడికీ పోవు. నీవాడు మొదటి పోటు తప్పించుకున్నాడంటే నేను నమ్ముతాను.

నరకడం దగ్గరే వస్తుంది చిక్కు. కర్రకి పదును లేదు, ఏ వైపు తగిలినా దెబ్బే. ఇప్పటి సేబర్ ఆటలోనూ అంతే, కత్తి పక్కభాగం తగిలినా పాయింటు ఇస్తారు. తల్వారుకి ఆ వెసులుబాటు లేదు. అంచు దెబ్బ వెళ్ళే దారిలోనే ఉండాలి. కాస్త ఒరిగిందా, తెగదు సరికదా చేతిలోనే తిరిగిపోతుంది.

పైగా దాని పిడి చివర చిన్న పళ్ళెం లాంటి బిళ్ళ ఉంటుంది, మ్యూజియంలో చూడు. మణికట్టు ఎక్కువ తిప్పితే అది ముంజేతికి ఒత్తుకుంటుంది. అందుకని ఆ కత్తిని భుజం నుంచి, మోచేతి నుంచి లాగి కొయ్యాలి. కర్రసాము వాడి నేర్పంతా మణికట్టులో ఉంటుందాయె! అలవాటు కొద్దీ గిర్రున తిప్పబోతే బిళ్ళ అడ్డుపడుతుంది. నీ సీను అక్కడ మొదలవ్వాలి. మూడు పేజీలు రాసినా నాకు అభ్యంతరం లేదు.

ఫ్రెంచి ఆఫీసర్ సంగతి. ఆ కాలపు యూరప్ ఆఫీసర్లు చాలామంది నడుముకి కట్టుకున్న సన్నకత్తి పొడవడానికి చేసింది. గుండ్రంగా తిరిగొచ్చే దెబ్బ కన్నా అది ముందే చేరుతుంది. (చందుర్తిలో తుపాకులూ ఫిరంగులే ఎక్కువ మాట్లాడాయి. విషయం కత్తుల దాకా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో చెప్పు.)

అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా, అదే ఆ కర్రలు కత్తుల విన్యాసాలు, చూసే రాశావని తెలుస్తోంది. అద్భుతంగా ఉంటుంది, కానీ అది ప్రదర్శన. అక్కడ ఎదుట ఉన్నవాడు నిన్ను చంపడానికి రాడు. ఈసారి రావులపాలెం వైపు వెళ్ళి, గెల కోసేసిన అరటిచెట్టు ఒకటి రైతుని అడుగు. ముందు కర్రతో కొట్టు, తర్వాత కత్తితో నరుకు. కత్తి బోదెలో సగంలో ఇరుక్కున్నప్పుడు మణికట్టు ఏమంటుందో అక్కడే నోట్‌బుక్‌లో రాసుకో. కాలు మాత్రం జాగ్రత్త.

ఆ అధ్యాయం మార్చి పంపు. నాలుగో అధ్యాయంలో లంకభూమి తగాదా ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు, బాగా కుదిరింది.