ఎర్రనుదుటి లెమూర్లను చూడాలంటే పగలు వెళ్లాలా, రాత్రి వెళ్లాలా?

మడగాస్కర్‌లో చెట్ల మీద బతికే, కోతులకు దూరపు బంధువులైన లెమూర్లు నిశాచరాలా, పగటి జీవులా, వాటిని అడవిలో చూడటానికి ఏ వేళ మంచిదని మీరు అడిగారు. అన్ని జాతులకూ ఒకే జవాబు కుదరదు కనుక, నేను చూసిన ఎర్రనుదుటి లెమూర్ల గురించే ప్రధానంగా రాస్తున్నాను.

పశ్చిమ మడగాస్కర్‌లో మొరొందావాకు ఈశాన్యాన ఉన్న కిరిందీ అడవికి నేను ఒక జూలైలో వెళ్లాను. ఇవి పగలు తిరిగేవని నమ్మి వెళ్లినందువల్ల, మొదటి రాత్రి బస వెనక చెట్ల మీద గుర్రుగుర్రుమనే శబ్దం వినిపించినప్పుడు అడవిపందులేమో అనుకున్నాను. (మడగాస్కర్‌లో పందులు కూడా ఉన్నాయి కాబట్టి అది మరీ తెలివితక్కువ ఊహేమీ కాదు.) తెల్లవారాక మా గైడు, అవి లెమూర్లేననీ, పున్నమి దగ్గరపడింది కనుక రాత్రంతా మేస్తున్నాయనీ చెప్పాడు.

ఇలా పగలూ రాత్రీ కూడా చురుకుగా ఉండే తీరుకు శాస్త్రవేత్త ఇయాన్ టాటర్సాల్ 1987లో ‘కెథెమరాలిటీ’ అని పేరు పెట్టారు. ఎర్రనుదుటి లెమూర్లు ఏడాది పొడవునా రెండు వేళలా తిరిగినా, వానలు లేని నెలల్లో వాటి రాత్రి సంచారం పెరుగుతుంది. అందులోనూ వెన్నెల ఉన్న రాత్రులలో ఎక్కువగా, చీకటి రాత్రులలో తక్కువగా ఉంటుంది. పిల్లి కంటిలో వెలుగును వెనక్కి తిప్పే పొర వీటి కంటిలో లేకపోవడాన్ని గమనిస్తే, చంద్రుడి మీద ఇంతగా ఆధారపడటంలో ఆశ్చర్యం కనిపించదు.

ఇవి రాత్రి కూడా తిరగడానికి కారణం విషయంలో మాత్రం పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆకురాలిన కొమ్మల మీద పగలు డేగల కంట పడకుండా ఉండటానికని కొందరు, పగటి ఎండను తప్పించుకోవడానికని కొందరు, పీచు ఎక్కువైన నాసిరకం మేతను ఇరవై నాలుగు గంటల్లో విడతలుగా తిని సరిపెట్టుకోవడానికని మరికొందరు అంటారు. పగలూ రాత్రీ వేటాడే ఫోసా (పిల్లిని పోలిన మాంసాహారి) అక్కడ ఉన్నందున, రాత్రి సురక్షితమన్న వాదన ఒక్కటే సరిపోదని నాకు అనిపిస్తుంది. వాయవ్యాన ఆంపిజొరువా అడవిలో మంగూస్ లెమూర్లు అనే మరో జాతి వానలు లేని కాలంలో రాత్రిపూట తెల్లబూరుగ పూల తేనె తాగడం 1970లలోనే నమోదైంది. కాబట్టి మేతను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మీరు మే నుంచి అక్టోబరు లోపు వెళ్తే, పున్నమికి అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకొని, సాయంత్రం నుంచి అడవి అంచున ఉండండి. పగలు నీటి గుంటల దగ్గర వేచి చూసినా ఎర్రనుదుటి లెమూర్లు దిగివస్తాయి. కొవ్వుతోక లెమూరు కోసం మాత్రం ఆ నెలల్లో వెతకకండి, అది చెట్టు తొర్రలో నిద్రపోతూ ఉంటుంది.