బాపుకు అల్జీమర్స్... నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది వరంగల్ కాశిబుగ్గ. మా బాపుకు 71 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. మొన్న రోజూ పోయే కూరగాయల మార్కెట్ నుంచి ఇంటికి దారి తెలియక తిరిగిండు. అల్జీమర్స్ అన్నారు. నానమ్మకూ చివర్లో ఇట్లనే ఉండేది. నాకు 43. బండి తాళం ఎక్కడ పెట్టిన్నో గుర్తుండట్లేదు. ఒకటే టెన్షన్. జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు: ముందు మీ తాళం సంగతి. అది దొరికాక "అరె, ఫోన్ మాట్లాడుతూ ఫ్రిజ్ మీద పెట్టిన కదా" అని గుర్తొస్తోందా? అయితే అది ధ్యాస లేకపోవడమే. మీ బాపుకు ఏళ్లుగా నడిచిన దారే చెరిగిపోయింది. ఈ రెండూ ఒకటి కాదు.

వంశపారంపర్యంగా నేరుగా దిగే అల్జీమర్స్ చాలా అరుదు, మొత్తం కేసుల్లో 1 శాతం లోపే. ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో ఒకదాంట్లో లోపం ఉంటే ఒక్కో బిడ్డకూ 50 శాతం అవకాశం. కానీ ఆ రకం సాధారణంగా 65 లోపే బయటపడుతుంది. మీ బాపుకు మొదలైంది 69లో.

ఈ వయసులో వచ్చేదాంట్లో ఎక్కువగా వినపడే జన్యువు పేరు ఏపీఓఈ. 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని ఈ4 రకం ఉన్నవాళ్ల మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ చెత్త సరిగా ఊడ్చుకుపోదు. ముప్పు పెరుగుతుంది, అంతే. ఈ4 ఉండి 90 ఏళ్లు తెలివిగా బతికినవాళ్లున్నారు, లేకుండానే జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే మీకు జీన్ టెస్ట్ వద్దంటాను. రిపోర్ట్ ఏదొచ్చినా మీకు ఇప్పుడు ఇచ్చే సలహా మారదు, నిద్ర మాత్రం పోతుంది.

ఆ డబ్బుతో బీ12, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్ గోలీలు ఏళ్లుగా వేసుకునేవాళ్లలో బీ12 పడిపోవచ్చు, దాంతోనూ మరుపు వస్తుంది. బీపీని మాత్రం వదలొద్దు. నడివయసులో అదుపులో లేని బీపీ మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. గట్టిగా గురక వస్తుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి.

జన్యువులే అంతా కాదనడానికి దగ్గరి ఉదాహరణే ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) పేషెంట్లపై చేసిన పరిశీలన 2013లో అచ్చయింది. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన ఓరుగల్లు పెద్దలకు ఇది మంచి కబురే!

మీకు తెలియకుండా మీ ఇంట్లోవాళ్లకే మీలో తేడా కనిపిస్తే అప్పుడు న్యూరాలజిస్ట్‌ను కలవండి. ఈలోపు మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ ఒకటి బాపు అంగీ జేబులో రోజూ పెట్టండి.