రెండు గొంతుల ఓపెత్

ప్రశ్న: పదేళ్లుగా స్వీడన్ ప్రోగ్రెసివ్ మెటల్ (మలుపులు తిరిగే సంక్లిష్టమైన కూర్పులతో సాగే హెవీ మెటల్ రాక్) బృందం ఓపెత్ పాటలు వింటున్నాను. 2011లో వచ్చిన 'హెరిటేజ్' నుంచి గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఆల్బమ్‌లలో గ్రౌలింగ్ (గొంతు లోతుల్లోంచి గర్జిస్తున్నట్టు పాడటం) మానేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆ గొంతు లేకపోతే ఓపెత్ లేనట్టేనని నా మిత్రులు అంటారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 'హెరిటేజ్' మొదటిసారి విన్నప్పుడు నేనూ మీలాగే నొచ్చుకున్నాను. అయితే ఆ తర్వాత పాత ఆల్బమ్‌లను వరుసగా మళ్లీ విన్నప్పుడు, నేను పోగొట్టుకున్నాననుకున్నది గ్రౌలింగ్ ఒక్కటే కాదని, ఆ గొంతుకూ మామూలు గానానికీ మధ్య ఉండే లాగుడు అని అర్థమైంది.

2001 నాటి 'బ్లాక్‌వాటర్ పార్క్'లో 'ది డ్రేపరీ ఫాల్స్' పాటనే తీసుకోండి. దాదాపు పదకొండు నిమిషాల ఆ పాట దిగులు నిండిన మృదువైన గానంతో మొదలై చాలాసేపు అలాగే సాగుతుంది. నడుమ ఎక్కడో గ్రౌలింగ్ వచ్చిపడేసరికి, అంతవరకూ అణచిపెట్టుకున్న దుఃఖం ఒక్కసారిగా బయటపడినట్టు ఉంటుంది తప్ప, వేరే పాట తెచ్చి అతికించినట్టు ఉండదు. ఆ ఆల్బమ్ నిర్మాణంలో పాలుపంచుకున్న పోర్క్యుపైన్ ట్రీ బృందం నాయకుడు స్టీవెన్ విల్సన్, వెనుక గొంతులకూ పియానోకూ ఇచ్చిన చోటు వల్ల ఆ నిశ్శబ్ద భాగాలకు లోతు పెరిగిందని నా నమ్మకం.

ఇక 2003లో వచ్చిన 'డామ్నేషన్'ను మీ మిత్రులు మరచిపోయినట్టున్నారు. అంతకు ముందు ఏడాది విడుదలైన, ఓపెత్ ఆల్బమ్‌లలోకెల్లా కఠినమైనదిగా నాకు తోచే 'డెలివరెన్స్'తో పాటే రూపొందిన ఆ ఆల్బమ్‌లో మొదటి నుంచి చివరి వరకూ ఒక్క గ్రౌల్ కూడా లేదు. 'విండోపేన్' విన్నవారెవరూ అది ఓపెత్ పాట కాదనరు. కాబట్టి 'హెరిటేజ్'లో నాకు లోటుగా తోచింది గొంతు కాదు, కూర్పు. పాట ఊపందుకుంటున్న చోటనే తెగిపోయి మరో దారి పడుతుంది, వెనక్కి వచ్చి ఆ ముడి విప్పదు. 2014 నాటి 'పేల్ కమ్యూనియన్' ఈ విషయంలో ఎంతో మెరుగు. 2019లో 'ఇన్ కౌడా వెనేనమ్' స్వీడిష్, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ వచ్చింది. మీరు స్వీడిష్‌లోనే వినండి. ఒక్క మాట అర్థం కాకపోయినా, అమ్మభాషలో పాడుతున్నప్పుడు ఓకర్‌ఫెల్ట్ గొంతులో వచ్చే చనువు నాకు స్పష్టంగా వినిపించింది.

2008 నాటి 'వాటర్‌షెడ్' తర్వాత పదహారేళ్లకు, 2024 నవంబరులో వచ్చిన 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'తో గ్రౌలింగ్ మళ్లీ ఆల్బమ్‌లోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో ఒక సంపన్న కుటుంబ పెద్ద చనిపోగా, ఆయన రాసిన వీలునామాను పిల్లల ఎదుట చదవడమే అందులోని కథ. జెత్రో టల్ బృందానికి చెందిన ఇయాన్ ఆండర్సన్ తన మాటనూ వేణువునూ అందించారు. చనిపోయినా ఇంటి మీద పెత్తనం వదులుకోని ఆ తండ్రికి గ్రౌలింగ్ తప్ప వేరే గొంతు నప్పదు. ఇన్నేళ్లు మీరు ఎదురుచూసిన ఆ గొంతు ఇక్కడ అభిమానుల ముచ్చట కోసం రాలేదు, కథకు అవసరమై వచ్చింది. ఒక సాయంత్రం 'డెలివరెన్స్', 'డామ్నేషన్' వెంటవెంటనే విని, ఆ తర్వాత దీన్ని మొదలుపెట్టండి.