ఏఐ ఏజెంట్ సరైన పేపర్లు వెతకాలంటే టూల్ డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి?

మీరు అడిగింది ఇది: కరీంనగర్‌లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం, రీసెర్చ్ పేపర్లు వెతికిపెట్టే ఏఐ ఏజెంట్‌కి ఎంసీపీ సర్వర్ (ఏజెంట్ పిలిచి వాడుకునే టూల్స్‌ని అందించే ప్రోగ్రామ్) రాశారు. టూల్స్ విడిగా నడిపితే బాగానే పనిచేస్తున్నాయి. ఏజెంట్ చేతికిస్తే మాత్రం ఒకటి పిలవాల్సిన చోట ఇంకొకటి పిలుస్తోంది, లేని పేపర్ల పేర్లు కూడా చెప్తోంది. రీడ్‌మీ (కోడ్‌తో పాటు పెట్టే వివరణ ఫైలు) ఎంత వివరంగా రాసినా మార్పు లేదు.

మార్పు ఎలా వస్తుంది? మామూలుగా ఏజెంట్ మీ రీడ్‌మీని చూడనే చూడదు. ఏజెంట్ వెనకున్న మోడల్ ముందుకు వచ్చేది టూల్ పేరు, దాని డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ల జేసన్ స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది), అంతే. ఏ టూల్ పిలవాలో ఆ కాస్త రాత చూసే తేల్చుకుంటుంది. హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్న కొందరు మిత్రుల కోసం నేను ఇలాంటి టూల్సే నడుపుతున్నాను. అక్కడ చూసిందే చెప్తాను.

డిస్క్రిప్షన్‌లో టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో రాసేవాళ్లు తక్కువ. ఏజెంట్‌కి ఎక్కువగా పనికొచ్చేది ఆ రెండోదే.

ఒక సంగతి చెప్తాను. 2021లో మన మిర్చి తోటల మీద పడ్డ నల్ల తామర పురుగు గుర్తుంది కదా, త్రిప్స్ పార్విస్పైనస్. దాని మీద వచ్చిన పేపర్లు కావాలని ఒక మిత్రుడు ఏజెంట్‌ని అడిగాడు. అప్పుడు వాడుతున్నది బయట దొరికిన ఒక ఓపెన్ సోర్స్ టూల్. పేరు 'పేపర్ సెర్చ్', డిస్క్రిప్షన్ 'అకడమిక్ పేపర్లు వెతుకుతుంది' అని ఒకే ఒక్క లైన్. లోపల అది వెతికేది ఆర్కైవ్‌లో (arXiv, జర్నల్‌లో రాకముందే పేపర్లని ప్రీప్రింట్లుగా పెట్టే వెబ్‌సైట్) మాత్రమే. ఆర్కైవ్‌లో ఉండేవి ప్రధానంగా ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్ లాంటివి. పంట చీడల మీద అక్కడ పెద్దగా ఏం దొరుకుతుంది? ఫలితం ఖాళీ. ఏజెంట్ ధీమాగా 'ఈ అంశంపై పరిశోధనలు లేవు' అని చెప్పేసింది. మిర్చి, పత్తి అమ్మే ఎనుమాముల మార్కెట్‌లో చీరలు దొరకలేదని, వరంగల్‌లోనే చీరలు అమ్మరని చెప్పినట్టుంది ఇది. నిజానికి ఆ పురుగు మన దేశంలో ఉన్నట్టు 2015లోనే బొప్పాయి మీద రిపోర్ట్ అయింది. 2021 తర్వాతైతే దాని మీద పేపర్లు వరసగా వచ్చాయి.

అన్ని రంగాల పేపర్ల వివరాలుండే ఓపెన్‌అలెక్స్‌లో వెతికే టూల్ కూడా మా దగ్గర ఉంది. అందుకే డిస్క్రిప్షన్ మార్చాం. సారాంశం ఇది: 'ఆర్కైవ్ ప్రీప్రింట్లలో మాత్రమే వెతుకుతుంది. వ్యవసాయం, వైద్యం ప్రశ్నలకు వాడవద్దు, వాటికి ఓపెన్‌అలెక్స్ టూల్ పిలవాలి. ఫలితం ఖాళీగా వస్తే ఆర్కైవ్‌లో దొరకలేదని మాత్రమే అర్థం, పేపర్లే లేవని కాదు.' ఓపెన్‌అలెక్స్ టూల్‌లో వెతకాల్సిన మాటలు ఇచ్చే క్వెరీ ఫీల్డు దగ్గర 'పురుగులు, మొక్కల విషయమైతే శాస్త్రీయ నామం ఇవ్వాలి' అని చేర్చాం. కోడ్‌లో ఒక్క లైన్ కూడా ముట్టుకోలేదు. అదే ప్రశ్న మళ్లీ అడిగితే ఏజెంట్ నేరుగా సరైన టూల్‌కే పోయింది.

ఇన్‌పుట్లలో ఎక్కువ తకరారు వచ్చేది ఐడీల దగ్గర. 10తో మొదలయ్యే డీఓఐని (పేపర్లకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకెళ్లి ఏజెంట్ ఆర్కైవ్ ఐడీ ఫీల్డులో పెడుతుంది. 'ఇక్కడ డీఓఐ ఇవ్వవద్దు' అని తెగేసి రాయండి. ఆర్కైవ్ ఐడీల రూపం కూడా చెప్పండి. 2007 ఏప్రిల్‌కి ముందువి సబ్జెక్టు పేరుతో మొదలవుతాయి. తర్వాతివాటిలో చుక్క తర్వాత నాలుగు అంకెలు, 2015 జనవరి నుంచి ఐదు. ఇది రాయకపోతే పాత పేపర్ ఐడీని చూసి ఏజెంట్ తనే 'సరిచేసి' పంపే ప్రమాదం ఉంది.

ఇక లేని పేపర్ల సంగతి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే థీసిస్‌లో ఒక్క దొంగ రిఫరెన్స్ దొరికితే గైడ్ మిగతా చాప్టర్‌ని కూడా నమ్మడు. మోడల్ కల్పించడానికి చాలాసార్లు మన ఎర్రర్ మెసేజ్‌లే అవకాశం ఇస్తాయి. ఆర్కైవ్ ఏపీఐకి (ప్రోగ్రాములు సమాచారం అడిగే దారి) పంపే రిక్వెస్టుల మధ్య మూడు సెకన్లు ఆగమని వాళ్లే కోరతారు. ఆగకుండా పంపితే అవతల నుంచి ఎర్రర్ రావచ్చు, మీ టూల్ దాన్ని మింగేసి ఖాళీ లిస్టు ఇస్తుంది, ఆ ఖాళీని ఏజెంట్ తన జ్ఞాపకంతో నింపుతుంది. అందుకే దొరకకపోవడం వేరు, వెతకలేకపోవడం వేరు అని జవాబులోనే కనిపించాలి. 'సర్వర్ స్పందించలేదు, కాసేపు ఆగి మళ్లీ పిలవాలి, ఈలోగా పేపర్ల పేర్లు చెప్పవద్దు' అని ఎర్రర్‌లోనే రాయండి. ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే.

తిరిగి వచ్చేదాని గురించి కూడా రెండు ముక్కలు రాయాలి. ఇచ్చింది అబ్‌స్ట్రాక్టా (పేపర్ మొదట్లో ఉండే సారాంశం), పూర్తి పేపరా అని చెప్పకపోతే, అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చూసి 'రచయితలు ఈ పద్ధతి వాడారు' అని వివరాలు అల్లుతుంది. ఓపెన్‌అలెక్స్ అబ్‌స్ట్రాక్ట్‌ని మామూలు పేరాగా ఇవ్వదు, ఏ పదం ఏ స్థానంలో ఉందో సూచీలా ఇస్తుంది. దాన్ని మీరే వాక్యాలుగా కలిపి ఇవ్వండి. పేపర్ వెనక్కి తీసుకున్నారో లేదో చెప్పే ఫీల్డు కూడా అందులో ఉంది, వదిలేయకండి.

పరీక్షించడానికి మీ సర్ల దగ్గర నిజమైన ప్రశ్నలు కొన్ని తీసుకోండి. జవాబు దొరకనివి కూడా కొన్ని ఉండాలి, 'దొరకలేదు' అని ఏజెంట్ ఒప్పుకుంటుందో లేదో తెలుస్తుంది. డిస్క్రిప్షన్ మార్చిన ప్రతిసారీ అవన్నీ మళ్లీ నడిపి, చివరి జవాబు కాకుండా ఏ టూల్‌కి ఏ ఇన్‌పుట్ పంపిందో లాగ్‌లో (ప్రతి పిలుపూ నమోదయ్యే ఫైలు) చూడండి. రెండు టూల్స్ మధ్య అది ఎప్పుడూ తడబడుతుంటే, వాటిని కలిపి ఒకటి చేయడమే మేలు. మీ డిస్క్రిప్షన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.